ఇల్లు మొదలుపెట్టే ముందు కంట్రాక్టరుకి డబ్బు ఎలా చూపించాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్ల ప్లాన్లు గీస్తూ, ఎస్టిమేట్లు వేస్తూ ఉంటాను. ఇదివరకు అందరూ అడిగేది 'అడుగుకి ఎంతవుతుంది?' అని. ఇప్పుడు 'మేస్త్రీ డబ్బు చూపించమంటున్నాడు, ఏం చూపించాలి?' అని కూడా అడుగుతున్నారు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మాటలు నడుస్తున్నప్పుడు

"డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కాగితం చూపించండి" అని కంట్రాక్టరు మొహం మీదే అడిగేశాడు. ఇలా అడగొచ్చా?

అడగొచ్చు. మెటీరియల్‌తో సహా కాంట్రాక్టు అంటే సిమెంటు, ఇనుము కొట్లో అరువు ఆయన పేరు మీదే ఉంటుంది. సెంట్రింగ్ (శ్లాబు వేసేటప్పుడు కింద ఆనించే పలకలు, కర్రలు) అద్దె ఆయనే కట్టాలి, కూలీలకి డబ్బు ఆయన చేతి నుంచే వెళ్లాలి. మీ దగ్గర డబ్బు ఆగిపోతే ముందు ఇరుక్కునేది ఆయనే. పిల్లర్లు లేచి, పైన చువ్వలు తుప్పు పట్టి ఆగిపోయిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు! అలాంటి దెబ్బ ఒకసారి తిన్నవాళ్లే ఇప్పుడు ముందుగా అడుగుతున్నారు. నన్నడిగితే అడగనివాడికన్నా అడిగినవాడే నయం. లెక్క చూసుకుని పని ఒప్పుకునే మనిషి మధ్యలో వదిలేసి పోవడం తక్కువ. అయితే మీ జీతం, పొలాలు, నగల జాబితా అంతా ఆయనకి అక్కర్లేదు. ఆయన పనికి సరిపడా డబ్బు సమయానికి వస్తుందా లేదా అన్నదే ఆయనకి తెలియాలి.

మొత్తం డబ్బు చేతిలో ఉంటేనే పని మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. అలా అయితే మన దగ్గర సగం ఇళ్లు లేవవు. ఏ దశకి ఏ డబ్బు, ఎప్పటికి వస్తుందో ఒక కాగితం మీద రాసి చూపించండి. మీ దగ్గర ఉన్న మొత్తం సొమ్ము కన్నా ఆ కాగితమే కంట్రాక్టరుకి ఎక్కువ ధైర్యమిస్తుంది.

ఉదాహరణకి ఇంటి ఖర్చు 20 లక్షలు, అందులో మీది 6, బ్యాంకు లోన్ 14 అనుకుందాం. పునాది నుంచి ప్లింత్ బీమ్ (గోడలు లేచే ముందు పునాది మీద చుట్టూ వేసే బీమ్) వరకు 4 లక్షలు, పిల్లర్లు, గోడలు, శ్లాబుకి 7, ప్లాస్టరింగ్, కరెంటు, నీళ్ల పైపులకి 4, టైల్స్, తలుపులు, రంగులకి 5. బ్యాంకులు సాధారణంగా ముందు మీ వాటా పెట్టమంటాయి. కాబట్టి పునాది మొత్తం మీ డబ్బుతోనే లేస్తుంది, మీ దగ్గర ఇంకా 2 లక్షలు మిగులుతాయి. శ్లాబు దశకి ఆ 2 లక్షలు, బ్యాంకు మొదటి విడతగా 5 లక్షలు. మిగిలిన 9 లక్షలు ఆ తర్వాతి రెండు దశలకి. ఇలా రాసుకుంటే డబ్బు బిగుసుకునేది ఎక్కడో ఇద్దరికీ కనిపిస్తుంది. ఈ లెక్కలో అది శ్లాబు దశ. అక్కడ బ్యాంకు పది రోజులు ఆలస్యం చేస్తే ఏం చేస్తారో కూడా అదే కాగితం మీద ఒక లైను రాయండి.

లేబర్ కాంట్రాక్టే ఇస్తున్నాం, మెటీరియల్ మాదే. అప్పుడు కూడా చూపించాలా?

బ్యాంకు కాగితాలు అవసరం లేదు. మేస్త్రీకి కావలసింది కూలి డబ్బు వారం వారం అందుతుందన్న నమ్మకం, సామాను వేళకి వస్తుందన్న భరోసా. సైటు మీద దిగిన ఇనుము, ఇసుక, ఇటుకలే మీ రుజువు.

ఎస్టిమేటు చేతికి రాకముందే డబ్బు చూపించమంటే ఎంత చూపించాలి?

ముందు ఎస్టిమేటు అడగండి. చదరపు అడుగుకి ఇంత అని నోటిమాటగా చెప్పిన లెక్కకి రుజువు చూపించడంలో అర్థం లేదు. ఆ రేటులో ఏవి కలవవో రాయించండి. ప్రహరీ, బోరు, సెప్టిక్ ట్యాంకు, కరెంటు మీటరు, ప్లాను ఫీజు, కప్‌బోర్డులు చాలామంది రేటులో ఉండవు. వాటి కోసం, ధరలు పెరిగితే సర్దుకోవడం కోసం ఎస్టిమేటు మీద కనీసం పదో వంతు పక్కన పెట్టుకోండి. ఆ పదో వంతు కంట్రాక్టరుకి చూపించకండి. చూపించారంటే అది కూడా ఎస్టిమేటులోకి వచ్చేస్తుంది.

## చూపించే కాగితాలు

బ్యాంకు స్టేట్‌మెంట్ మొత్తం ఇచ్చేయాలా?

వద్దు. ఆరు నెలల స్టేట్‌మెంట్ ఇస్తే ఎవరికి ఎంత పంపారో, ఆసుపత్రికి ఎంతయిందో అన్నీ ఆయన ఫోన్లోకి వెళ్లిపోతాయి. మీ బ్రాంచిలో బ్యాలెన్స్ సర్టిఫికెట్ అడగండి. ఫలానా తేదీన ఈ ఖాతాలో ఇంత ఉంది అని ఒక పేజీలో ముద్ర వేసి ఇస్తారు. ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలు ఉంచి మిగతావి కొట్టేయండి. కాపీ మీద 'ఇంటి నిర్మాణం కోసం ఫలానావారికి చూపించడానికి మాత్రమే' అని రాసి, తేదీ వేసి, అడ్డంగా సంతకం పెట్టండి. ఆధార్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ (చివరి నాలుగు అంకెలే కనిపించేది) చాలు. స్థలం ఒరిజినల్ దస్తావేజులు మాత్రం ఎవరడిగినా చేతికివ్వకండి.

ఎఫ్‌డీ, చీటీ, బంగారం, పీఎఫ్ ఇవన్నీ రుజువు కింద చెల్లుతాయా?

ఎఫ్‌డీ చెల్లుతుంది, రసీదు కాపీ చాలు. ముందే విరగ్గొడితే వడ్డీ కొంత తగ్గుతుంది కాబట్టి ఏ దశకి తీస్తారో ఆలోచించుకోండి.

చీటీ విషయంలో జాగ్రత్త. పాట పాడని చీటీ ఇంకా మీ డబ్బు కాదు. రిజిస్టర్డ్ కంపెనీలో పాడుకున్నా, జామీనుదార్ల సంతకాలు అయ్యేదాకా సొమ్ము ఇవ్వరు. వీధి చీటీలకైతే చూపించడానికి కాగితమే ఉండదు.

బంగారం మంచి ఆసరా. కానీ నగల ఫొటోలు తీసి వాట్సాప్‌లో కంట్రాక్టరుకి పంపడం నేను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. ఇంట్లో బంగారం ఎంతుందో సైటులో పదిమందికి తెలియడం మంచిది కాదు. 'శ్లాబుకి అవసరమైతే గోల్డ్ లోన్ తీస్తాం' అని చెప్పండి, చాలు. తాకట్టు అవసరం దగ్గరపడ్డాకే పెట్టండి, లేకపోతే వడ్డీ ఊరికే నడుస్తుంది.

పీఎఫ్ డబ్బు ఖాతాలో పడ్డాకే లెక్కలోకి తీసుకోండి. టీచర్లు జీపీఎఫ్ లేదా జడ్పీపీఎఫ్ (జిల్లా పరిషత్ ప్రావిడెంట్ ఫండ్) నుంచి, జవాన్లు వాళ్ల ప్రావిడెంట్ ఫండ్ నుంచి తీస్తుంటారు. మంజూరు ప్రొసీడింగ్ కాపీ చూపించడం మంచిదే కానీ, అది చేతికొచ్చిన రోజూ డబ్బు పడే రోజూ ఒకటి కాదు.

మా అబ్బాయి గల్ఫ్‌లో ఉన్నాడు, నెల నెలా పంపిస్తాడు. దానికి ఏం చూపించాలి?

సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. నెల నెలా వచ్చే డబ్బుతో ఇల్లు కడతామంటే కంట్రాక్టరు వెనకాడతాడు, అందులో తప్పు లేదు. ఒక్క నెల జీతం ఆగినా పని ఆగుతుంది. అబ్బాయి ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో (విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి బ్యాంకులో తెరిచే ఖాతా) కనీసం పునాది దశకి సరిపడా ముందే పోగేసి, దాని బ్యాలెన్స్ కాగితం చూపించండి. మిగతా దశల మధ్య ఎడం ఎక్కువ పెట్టుకోండి.

స్థలం, లోన్ అబ్బాయి పేరు మీద ఉండి ఇక్కడ నాన్నగారు సంతకాలు పెట్టాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అక్కడి భారత రాయబార కార్యాలయంలో అటెస్ట్ చేయించి పంపిస్తే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. అది లేకుండా నాన్నగారు చేసిన సంతకం బ్యాంకులో చెల్లదు. ఒప్పందానికి వచ్చిన కంట్రాక్టరు కూడా ఆ కాగితం ఉందా అని అడిగితే కోప్పడకండి.

పొలం అమ్మి కడదామనుకుంటున్నాం. అగ్రిమెంటు అయింది. అది చూపిస్తే సరిపోతుందా?

సరిపోదు. అగ్రిమెంటు నాటికి మీ చేతికి వచ్చింది బయానా మాత్రమే. కొనేవాడు వెనక్కి తగ్గినా, సర్వే కొలతల్లో తేడా వచ్చినా రిజిస్ట్రేషన్ నెలల తరబడి వెనక్కి జరుగుతుంది. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల మంచి ధర పలుకుతోందని నమ్మి ఇక్కడ పునాది తవ్వి కూర్చున్నవాళ్లున్నారు. బయానా వరకే ఉన్న డబ్బు అని చెప్పండి, మిగతాది రిజిస్ట్రేషన్ అయ్యాకే లెక్కలో కలపండి.

బావమరిది 3 లక్షలు సర్దుతానన్నాడు. ఆ మాట చెప్పొచ్చా?

చెప్పొచ్చు కానీ కంట్రాక్టరు దాన్ని లెక్కలోకి తీసుకోడు. ముందే మీ ఖాతాలోకి బదిలీ చేయించుకుంటే అది మీ డబ్బే. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. కాబట్టి బ్యాంకు ద్వారానే తీసుకోండి, చిన్న కాగితం రాసుకోండి. మాట పట్టింపులు రాకుండా కూడా అదే మంచిది.

సాల్వెన్సీ సర్టిఫికెట్ ఉంది. అది చాలదా?

మీకు అంత విలువైన ఆస్తి ఉందని అది చెబుతుంది. ఆ ఆస్తి రేపు సిమెంటుగా మారుతుందని చెప్పదు. ఇంటి పనికి దాని వల్ల పెద్ద ఉపయోగం లేదు.

ప్రభుత్వ పథకంలో ఇల్లు మంజూరైంది. ఆ సొమ్ము చూపించి పని మొదలుపెట్టించొచ్చా?

ఆ సొమ్ము ముందుగా రాదు. బేస్‌మెంట్, రూఫ్ లెవెల్, శ్లాబు ఇలా ఒక్కో దశ పూర్తయి, జియోట్యాగ్ ఫొటో (ఎక్కడ తీశారో నమోదయ్యే ఫొటో) ఎక్కాకే బిల్లు పడుతుంది. అంటే ప్రతి దశకీ ముందు మీరో కంట్రాక్టరో పెట్టుబడి పెట్టాలి. మంజూరు పత్రం చూపించండి, కానీ బేస్‌మెంట్ వరకు అయ్యే డబ్బు మీ దగ్గర విడిగా ఉందని కూడా చూపించండి.

## బ్యాంకు లోన్ మీద కడుతున్నవాళ్లకి

మేనేజరు గారు "వచ్చేస్తుంది, మీరు మొదలుపెట్టుకోండి" అన్నారు. ఆ మాట కంట్రాక్టరుకి చెబితే చాలా?

చాలదు. మేనేజరు గారు బదిలీ అయిపోవచ్చు, లాయరు గారి లీగల్ రిపోర్టులో లింకు దస్తావేజు (స్థలం అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజు) లేదని తేలొచ్చు. బ్యాంకులో మూడు మెట్లున్నాయి. మీ జీతం, సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే స్కోరు) చూసి 'ఇంత వరకు ఇవ్వొచ్చు' అనడం మొదటిది. దస్తావేజులు, ఈసీ (స్థలం మీద తనఖాలు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం), ప్లాను, ఎస్టిమేటు చూశాక శాంక్షన్ లెటర్ (లోన్ మంజూరు పత్రం) రావడం రెండోది. కాగితాల మీద సంతకాలు చేసి, ఒరిజినల్స్ బ్యాంకులో పెట్టి మొదటి విడత పడడం మూడోది. కంట్రాక్టరుకి రెండో మెట్టు కాగితం కావాలి. మొదటి మెట్టు మీద నిలబడి తేదీలు ఇవ్వకండి.

శాంక్షన్ లెటర్ వచ్చింది. కంట్రాక్టరు అందులో ఏం చూస్తాడు?

మొత్తం ఎంతో అందరూ చూస్తారు. తెలివైనవాడు ఇంకో మూడు చూస్తాడు: ఆ లెటరు ఎన్నాళ్లు చెల్లుతుంది, విడతలు ఏ దశల దగ్గర విడుదలవుతాయి, మొదటి విడతకి ముందు మీరు పూర్తి చేయాల్సిన షరతులేవి. కొన్ని లెటర్లు మూడు నెలలకే కాలం చెల్లుతాయి, కొన్ని ఆరు నెలలు ఉంటాయి. సంక్రాంతి తర్వాత కడదామని దసరాకే లెటరు తీసుకుంటే గడువు సరిచూసుకోండి. ఈఎంఐ, వడ్డీ రేటు ఉన్న పేజీలు ఆయనకి ఇవ్వక్కర్లేదు.

ఇంటి ఖర్చు 25 లక్షలు. బ్యాంకు ఎంత ఇస్తుంది, మేం ఎంత చూపించాలి?

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు లోన్లకి విలువలో గరిష్ఠంగా 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం, ఆపైన 75 శాతం. ఇది పై హద్దు మాత్రమే. మీ ఆదాయానికి కట్టగల ఈఎంఐ తక్కువైతే లోనూ తగ్గుతుంది. పైగా బ్యాంకు ఇంజినీరు వేసే విలువ మీ కంట్రాక్టరు ఎస్టిమేటు కన్నా తక్కువ రావచ్చు. ఆ తేడా కూడా మీ జేబు నుంచే. అందుకే 25 లక్షల ఇంటికి కనీసం 5, 6 లక్షలు సొంతంగా చూపించగలిగితే ఊపిరాడుతుంది.

మా స్థలం గ్రామకంఠంలో ఉంది. లోన్ వస్తుందని కంట్రాక్టరుకి చెప్పేశాం. ఇబ్బందా?

అవ్వొచ్చు. గ్రామకంఠంలో తాతల నాటి ఇళ్లకి రిజిస్టర్డ్ దస్తావేజు ఉండదు, చాలా బ్యాంకులు వెనకాడతాయి. డి-పట్టా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన) భూమి తనఖాకీ ఇదే తంటా. ఉమ్మడి ఆస్తి అయితే ముందు అన్నదమ్ముల పంపకం రిజిస్టరు అవ్వాలి. లీగల్ ఒపీనియన్ చేతికి వచ్చేదాకా లోన్ పేరు ఎత్తకండి.

కంట్రాక్టరు నేరుగా బ్యాంకుకి ఫోన్ చేసి కనుక్కుంటానంటున్నాడు.

మీ అనుమతి లేకుండా బ్యాంకు ఏమీ చెప్పకూడదు, చెప్పదు. అనుమానం తీరాలంటే ఆయన్ని వెంటబెట్టుకుని బ్రాంచికి వెళ్లండి. మీ ముందే మేనేజరు గారు రెండు ముక్కలు చెబితే పదిరోజుల వాదన తీరిపోతుంది.

కంట్రాక్టరే "లోన్ నేను ఇప్పిస్తా, కాగితాలు నాకివ్వండి" అంటున్నాడు. ఇవ్వమంటారా?

బ్యాంకు ఏజెంటును పరిచయం చేస్తే తప్పులేదు. కానీ ఆదాయం ఎక్కువ చూపించే కాగితాలు తయారుచేస్తాననో, ఎస్టిమేటు పెంచి రాస్తాననో అంటే అక్కడితో ఆపేయండి. సంతకం మీది, అప్పూ మీదే. ఓటీపీలు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు ఎవరికీ చెప్పొద్దు.

## ఒప్పందం, అడ్వాన్సు, ముహూర్తం

మూఢం వచ్చేస్తోంది, లోన్ ఇంకా రాలేదు. ఈలోగా శంకుస్థాపన చేసేయొచ్చా?

చేసుకోండి. ఈశాన్యంలో చిన్న గొయ్యి తీసి, పూజ చేసి, నాలుగు ఇటుకలు పెడితే ముహూర్తం నిలబడుతుంది. అసలు పునాది తవ్వడం వేరే సంగతి. ప్లాను మంజూరు కాకుండా పని మొదలుపెడితే మున్సిపాలిటీతోనో పంచాయతీతోనో గొడవ, బ్యాంకు ఇంజినీరు వచ్చి చూస్తే ఇంకో గొడవ. పూజ రోజున కంట్రాక్టరుకి తాంబూలంతో పాటు పెద్ద అడ్వాన్సు కూడా ఇచ్చేయడం మన దగ్గర మొహమాటం. 'ఇది శుభానికి మాత్రమే, పని లోన్ వచ్చాక' అని అందరి ముందూ చెప్పండి. ఆషాఢం అడ్డొచ్చి పని రెండు నెలలు వెనక్కి పోయినా నష్టం లేదు. డబ్బు లేక ప్లింత్ దగ్గర ఆగితే మాత్రం చువ్వలు వానకి తడుస్తూ ఉంటాయి.

హామీగా సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇమ్మంటున్నాడు.

ఇవ్వకండి. ఖాళీ చెక్కు మీద తర్వాత ఎంత రాసుకున్నా, అది బౌన్సయితే కోర్టు మెట్లెక్కేది మీరే. ఖాళీ ప్రోనోటు కూడా అంతే. మరీ పట్టుబడితే మొదటి దశ మొత్తానికి, ఆయన పేరు మీద, తేదీ వేసిన చెక్కు ఇవ్వండి. అది ఏ దశకో ఒప్పందంలో రాయండి. ఖాతాలో డబ్బుంటేనే సుమా.

అడ్వాన్సు ఎంత ఇవ్వాలి? నగదుగా ఇస్తే పోదా?

మొదటి రెండు వారాల పనికి సరిపడా ఇస్తే చాలు. ఒక్క పనికి సంబంధించి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టం ప్రకారం తప్పు. రోజుకి లక్ష చొప్పున ముక్కలు చేసి తీసుకున్నా అదే లెక్క. జరిమానా తీసుకున్నవాడి మీద పడుతుంది కాబట్టి కంట్రాక్టరుకి నచ్చజెప్పడం సులువు. బ్యాంకు ద్వారా పంపిస్తే మీ వాటా పెట్టినట్టు బ్యాంకుకి చూపించడానికి అదే రుజువు కూడా.

మేం అన్నీ చూపించాం. మరి ఆయన్ని మేం ఏం అడగొచ్చు?

ఇప్పుడు నడుస్తున్న సైటు ఒకటి, పూర్తయిన ఇల్లు ఒకటి చూపించమనండి. ఆ ఇంటివాళ్లతో ఆయన లేనప్పుడు మాట్లాడండి. ఒకేసారి ఎన్ని ఇళ్లు ఎత్తుకున్నాడో అడగండి. మీ అడ్వాన్సు పక్క ఊరి శ్లాబుకి వెళ్లిపోవడం మామూలే.

## పని నడుస్తుండగా

బ్యాంకు విడత ఆలస్యమైంది. కంట్రాక్టరు శ్లాబు ఆపేస్తానంటున్నాడు. తప్పెవరిది?

చాలాసార్లు ఎవరిదీ కాదు. దశ పూర్తయ్యాక ఇంజినీరు రావాలి, ఫొటోలు తీయాలి, రిపోర్టు వెళ్లాలి, తర్వాత డబ్బు. ఈ మధ్యలో పని ఆగకుండా ఉండాలంటే దశ పూర్తికి వారం ముందే బ్రాంచిలో చెప్పి ఉంచాలి.

శ్లాబు సంగతి వేరు. సెంట్రింగ్ పూర్తయి, చువ్వలు కట్టి, కరెంటు పైపులు వేశాక ఎక్కువ రోజులు ఉంచలేరు. రోజుకింత అని పలకల అద్దె నడుస్తూ ఉంటుంది. కాంక్రీటు వేసే రోజు తెల్లారకుండానే మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం), లిఫ్టు వస్తాయి, ముఠా దిగుతుంది, మధ్యాహ్నం భోజనాలు, చీకటి పడేసరికి అందరికీ కూలి లెక్క తేలాలి. ఆ రోజు 'రేపు బ్యాంకులో పడుతుంది' అన్న మాట పనికిరాదు. ఆ ఒక్క రోజు ఖర్చు మాత్రం మీ సొంత ఖాతాలో విడిగా ఉంచుకోండి. ఇల్లంతటికీ ముందస్తుగా చూపించాల్సిన రుజువు ఒక్కటే అంటే నేను దాన్నే చెబుతాను.

మధ్యలో పైన ఇంకో గది వేద్దామనుకున్నాం. మళ్లీ డబ్బు చూపించాలా?

అవును, ఆ గది వరకు కొత్తగా. శాంక్షన్ అయింది పాత ప్లానుకి. ప్లానులో లేని గదికి బ్యాంకు డబ్బు రాదు, పైగా ఉన్న విడతలు కూడా ఆగొచ్చు. సవరించిన ప్లాను తీసుకోండి, లేదా ఆ గది పూర్తిగా సొంత డబ్బుతో, ఇల్లు పూర్తయ్యాక వేసుకోండి. అప్పటికైనా మంజూరు తప్పదు.

మా ఇంటి ఖర్చు 50 లక్షలు దాటుతోంది. కంట్రాక్టరుకి ఇచ్చేదాంట్లో పన్ను పట్టుకోవాలట, నిజమేనా?

నిజమే. ఒకే కంట్రాక్టరుకి ఒక ఆర్థిక సంవత్సరంలో ఇచ్చేది 50 లక్షలు దాటితే మామూలు ఇంటి యజమాని కూడా టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే తగ్గించి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకోవాలి. 2024 అక్టోబరు నుంచి అది 2 శాతం. విడిగా టాన్ నంబరు (పన్ను పట్టుకునేవాళ్లకిచ్చే నంబరు) అక్కర్లేదు, మీ పాన్ చాలు, ఆయన పాన్ తీసుకోండి. ఈ సంగతి ఒప్పందంలో ముందే రాయకపోతే చివరి బిల్లు రోజున 'లక్ష రూపాయలు తగ్గించి ఇచ్చారేంటి' అని ఆయన గొడవకి దిగుతాడు.